ఉత్తరపు గోడ పక్కన

“దాన్ని మేడమీద కుట్టుగదిలో పెట్టు. ఈసారైనా చంపకు” అన్నాడు ఎస్కో, పత్రికలోంచి తల ఎత్తకుండా.

సిర్కా వంటింటి బల్ల తుడుస్తోంది. నవంబరు మొదటి వారం. కిటికీ అద్దం మీద మంచు ఈకలు ఈకలుగా పేరుకుంది. వసారాలో, వెడల్పాటి నీలం కుండీలో, మూరెడు ఎత్తున్న లార్చ్ చెట్టు సూదుల్లాంటి ఆకులన్నీ పసుపుపచ్చగా పండించి రాల్చేసి, చలికాలానికి సిద్ధమై నిలబడి ఉంది. కిందటేడు జూన్‌లో ఎస్కో హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసిన రోజున తోటి ఉపాధ్యాయులు ఇచ్చిన బోన్సాయ్ అది. కానుక అతనిది, చాకిరీ ఆమెది. ఆ పంపకం ఎవరూ నోటితో చెప్పలేదు. ఆ ఇంట్లో పంపకాలన్నీ అలాగే జరిగాయి.

ఆమెకు ఆ విద్య రాదు. మొదటి వేసవిలో ప్రేమకొద్దీ రోజుకు మూడుసార్లు నీళ్ళు పోసి వేళ్ళను కుళ్ళబెట్టబోయింది. తర్వాత గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చుకుంది. మట్టిలో పుల్ల గుచ్చి తీసి, చెంపకు ఆనించి తడి తెలుసుకోవడం నేర్చుకుంది. వారానికోసారి కుండీని పావువంతు తిప్పడం, వంపు తిప్పడానికి కొమ్మకు చుట్టిన రాగితీగను బెరడులోకి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీయడం నేర్చుకుంది. ఎస్కో గురువారం గురువారం బోన్సాయ్ సంఘానికి వెళ్ళి, ఆమె భోజనం దగ్గర చెప్పిన సంగతులనే తన సంగతులుగా చెప్పి వచ్చేవాడు.

తప్పు జరిగింది కిందటి చలికాలంలో. ఈ ఉత్తరపు మంచుసీమలో ప్రేమంటే పొయ్యి దగ్గర చోటివ్వడమే. నీళ్ళు గడ్డకట్టే రోజులు రాగానే కుక్కకైనా, చుట్టానికైనా, కుండీలో మొక్కకైనా తలుపు తెరుస్తారు. లోపలికి తెమ్మన్నాడు ఎస్కో, తెచ్చింది సిర్కా. గోడలో పొగగొట్టం ఉన్న కుట్టుగది ఇల్లంతటిలోకీ వెచ్చనిది. నిద్రపోవలసిన చెట్టు ఆ వెచ్చదనానికి మోసపోయి జనవరి చీకట్లో చిగురించింది. పాలిపోయిన చిగుళ్ళు, బలం లేని చిగుళ్ళు. రెండు వారాల్లో అన్నీ వాడిపోయాయి, రెండు కొమ్మలు ఎండిపోయాయి.

ఆ ఆదివారం కాఫీకి వచ్చినవాళ్ళ ముందు, అత్తగారు హిల్యా యాలకుల రొట్టె విరుచుకుంటూ అంది: “మావాడి చేతిలో ఎండుపుల్ల కూడా చిగురిస్తుంది. ఏం చేస్తాం, నీళ్ళు పోసే చెయ్యి వేరే కదా.” అందరూ నవ్వారు. ఎస్కో అందరికంటే ఆలస్యంగా, అందరికంటే హాయిగా నవ్వాడు. లోపలికి తెమ్మన్నది తానేనని అనలేదు. సిర్కా కప్పులు తీసింది, కడిగింది, తుడిచింది, బోర్లించింది. ఆ నవ్వును మాత్రం కడగకుండా దాచుకుంది.

అప్పుడు ఆ పుస్తకాన్ని మళ్ళీ తెచ్చుకుని, చలికాలం గురించిన పుటలు చదివింది. ఈ చెట్టుకు చలి శత్రువు కాదు, చలే దాని రాత్రి. కావలసిందల్లా లోతులేని కుండీలో వేళ్ళకు ఒక దుప్పటి.

అందుకే ఈ నవంబరులో “సరే” అంది. అతను సంఘానికి వెళ్ళిన గురువారం మధ్యాహ్నం, నేల ఇంకా గట్టిపడకముందే, ఉత్తరపు గోడ పక్కన గొయ్యి తవ్వి, కుండీని అంచుదాకా పాతి, చుట్టూ దేవదారులాంటి స్ప్రూస్ చెట్టు కొమ్మలు కప్పింది. అతను కుట్టుగదికి వచ్చి చూస్తాడన్న భయం లేదు. ముప్పై ఏళ్ళలో అతను ఆ గదిలో అడుగుపెట్టింది రెండుసార్లు, రెండుసార్లూ చొక్కా బొత్తాం ఊడినప్పుడే. ఒక్క చెట్టు కోసమే ఈ పని చేస్తున్నానని ఆమె తనకు తాను చెప్పుకోలేదు. అలా చెప్పుకుంటే అబద్ధమయ్యేది.

వాకిట్లో మంచు ఎత్తే పని ఆమెదే, అతనికి నడుము నొప్పి. పారతో ఎత్తిన మంచంతా ఉత్తరపు గోడవైపు విసిరేది. ఎస్కో లోపలినుంచి అద్దం మీద వేలితో తట్టి, అటు కాదు, ఇటు పొయ్యమని సైగ చేసేవాడు. ఆమె తల ఊపేది, అటే పోసేది. ఒక్కో పార మంచు కింద ఒక్కో మాటను పెట్టి కప్పుతున్నట్టుండేది. హిల్యా మాట ఒకటి. పాఠశాల వంటశాలలో ఆమె ఇరవై ఏళ్ళు పనిచేస్తే, తనిఖీకి వచ్చినవాళ్ళతో ఎస్కో నవ్వుతూ, “ఇంట్లో పొద్దుపోక వస్తుంది లెండి” అన్న మాట ఒకటి. మంచు కింద పెట్టినవి చావవు, నిద్రపోతాయి. ఆమె వాటిని చంపదలచుకోలేదు.

మే నెలలో మంచు కరిగింది. నల్లని కొమ్మల మీద ఆవగింజంత పచ్చని ముడులు, పదిరోజుల్లో మెత్తని పచ్చని కుచ్చులు. ఆమె తవ్వి తీసి వాకిట్లో బల్లమీద పెట్టిన చెట్టును చూసి ఎస్కో, వెచ్చగా ఉంచితే ఎలా ఉందో చూశావా అన్నాడు. చూశానంది.

జూన్‌లో సంఘం వాళ్ళు పట్టణ గ్రంథాలయపు హాల్లో ప్రదర్శన పెట్టారు. దేశపు దక్షిణ కొస నుంచి రౌహా అనే పెద్దావిడ చెట్లను పరీక్షించడానికి వచ్చింది. నలభై ఏళ్ళుగా బోన్సాయ్‌లు పెంచుతున్న మనిషి. లార్చ్ ముందు చాలాసేపు వంగి చూసి, ఇక్కడి చలికాలం దీన్ని ఎలా దాటించారని ఎస్కోను అడిగింది.

ముప్పై ఏళ్ళుగా, తెలియనిది ఎదురైతే ఎస్కో ఎడమకు తిరిగేవాడు. ఎడమన సిర్కా ఉండేది. పిల్లల పేర్లు, వాళ్ళ అమ్మానాన్నల పేర్లు, ఎవరింట్లో ఎవరు పోయారో, ఆమె గుసగుసగా అందించేది, అతను గట్టిగా పలికేవాడు. ఇప్పుడూ తిరిగాడు. ఆమె గొంతులో జవాబు సిద్ధంగా ఉంది, నాలుగే మాటలు. సిర్కా చేతిలోని కప్పులో కాఫీ కలుపుతూ ఉండిపోయింది.

“మా ఇంట్లో అన్నిటికంటే వెచ్చని గదిలో,” అన్నాడు ఎస్కో. “పొగగొట్టం పక్కన. సొంత బిడ్డలా చూసుకున్నాను.”

హాల్లో చెంచాల చప్పుడు ఆగింది.

“ఎన్నాళ్ళు?” అంది రౌహా మర్యాదగా.

“ఆరు నెలలు. ఒక్క పూట కూడా చలి తగలనివ్వలేదు.”

ఇంకొక్క మాట, అనుకుంది సిర్కా. ఇంకొక్కటి చెప్పు. చెప్పాడు. వారం వారం వెళ్ళి చూసేవాణ్ణన్నాడు. వెనకనుంచి ఎవరో, “ఆ గదిలో మమ్మల్నీ పడుకోబెట్టు ఎస్కో, ఈ వయసులో మేమూ చిగురిస్తాం” అన్నారు. హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఎస్కో కూడా నవ్వాడు.

రౌహా నవ్వలేదు. ఆమె చూపు సిర్కా గోళ్ళలోని మట్టి మీద పడింది. “మీరు చెప్పండి.”

“ఉత్తరపు గోడ పక్కన, నేలలో,” అంది సిర్కా. “కుండీ అంచుదాకా మట్టి, పైన స్ప్రూస్ కొమ్మలు, ఆ పైన మంచు. మంచు నేనే ఎత్తిపోశాను. ఈయన కిటికీలోంచి చూశాడు.”

ఎస్కో ముఖం ఎర్రబడింది. “ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, సిర్కా” అన్నాడు లోగొంతుకతో.

చెట్టు ముందు అట్టముక్క మీద, పెంచినవారు అన్నచోట ఎస్కో పేరు అచ్చులో ఉంది. రౌహా దాన్ని తీసి, కలం మూత విప్పి, మీ పేరు ఎలా రాయాలని సిర్కాను అడిగింది. సిర్కా ఆమె చేతిలోంచి అట్టముక్కను మెల్లగా అందుకుని, మళ్ళీ చెట్టు ముందు నిలబెట్టి, పేరు జనానికి బాగా కనబడేలా సరిచేసింది.

“రాయకండి. రేపు ఊరంతా వస్తుంది. అందరూ ఈ పేరే చదవాలి. చదివి, ఈ చెట్టు చలికాలం ఎలా గడిపిందో ఈయన్నే అడగాలి. రేపు నేను పక్కన ఉండను.”