ఎటూ మొగ్గనివాళ్ళు

మా ఆవిడ నలభై దాటాక శాంతి చదివింది. అలాంటి చదువొకటి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పగలంతా ఆసుపత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చునేది, సాయంత్రం కాలేజీకి పోయేది. దేశాల మధ్య, వీధుల మధ్య, మొగుడూ పెళ్ళాల మధ్య తగాదాలు ఎలా తీర్చాలో అక్కడ నేర్పుతారట. ఇది చదివితే ఉద్యోగం ఎక్కడొస్తుందని అడిగాను. గొడవ ఉన్న ప్రతిచోటా అంది. అలాగైతే ఇంట్లోనే ఖాళీ ఉంది, ఫీజు దండగ అన్నాను.

నేను చదివింది ఊరి బడిలో, ఏడో తరగతి దాకా. అక్కడ ఇద్దరు కొట్టుకుంటే పంతులు ఇద్దర్నీ వాయించేవాడు. తర్వాత ఆ ఇద్దరూ గోడ చాటుకు చేరి పంతుల్ని తిట్టుకునేవాళ్ళు. గొడవ అక్కడితో సరి. ఆ విద్యకు పట్టా ఎవరూ ఇవ్వలేదు. బస్సు కండక్టరు ఉద్యోగం ఇచ్చారు.

తరగతిలో అందరికంటే పెద్దది కాబట్టి ఆమె అందరికీ అక్క అయింది. ఆ వరసన నేను బావగారినయ్యాను. నన్నెవరూ అడగలేదు.

చదువయ్యాక ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. ఒకమ్మాయి కోర్టులో చేరింది. విడిపోవడానికి వచ్చిన జంటల్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. ఎంతమందిని కలిపిందో గానీ తనూ మొగుడూ మాత్రం ఒకే ఇంట్లో చెరో అంతస్తులో ఉంటారు. ఒకాయన రిపోర్టులు రాస్తాడు. ఎక్కడో యుద్ధం ఆగితే ఎందుకు ఆగిందో రాస్తాడు, మళ్ళీ మొదలైతే ఎందుకు మొదలైందో రాస్తాడు. ఎలా చూసినా ఆయనకు పనే. ఇంకొకావిడ పెద్ద కంపెనీలో ఉద్యోగుల కష్టాలు వింటుంది. వినడమే పని, తీర్చడం వేరే వాళ్ళ పని. చెవి అని పేరు పెట్టాను. మా ఆవిడకు నచ్చలేదు, చెవికి నచ్చింది. మిగతా వాళ్ళూ ఇలాంటి పనుల్లోనే ఉన్నారు.

ఒక్కడు మాత్రం బీమా కంపెనీకి పోయాడు. రోడ్డు మీద రెండు బండ్లు గుద్దుకుంటే పరిగెత్తుకెళ్ళి, చొక్కాలు పట్టుకున్న ఇద్దర్నీ విడదీసి, ఎవరిది తప్పో తేల్చి వస్తాడు. శాంతి చదివి బీమా ఏమిటని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నా కళ్ళకు చదివిన చదువుకు సరిపడ్డ పని చేస్తున్నది వాడొక్కడే. మా ఆవిడకూ వాడంటేనే ముద్దు.

ఏటా ఒకసారి అంతా మా ఇంట్లో కలిసేవాళ్ళు. మాది రెండో అంతస్తు, రెండు గదులు. కింద దర్జీ దుకాణం నుంచి కుర్చీలు నేను మోసుకొచ్చేవాణ్ణి. వలయంగా వేసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకు రెండు నియమాలు. ఒకటి, ఎదుటివాడికి జవాబు చెప్పేముందు వాడన్నమాట తిరిగి చెప్పాలి. వాడు అవును, అదే నేనన్నది అనాలి. అప్పుడే నీ మాట. రెండు, వలయం మొదలయ్యాక ఎవరూ మధ్యలో లేవకూడదు. మొదటి నియమం వల్ల చారెడు మాట చేటెడయ్యేది. వంటింట్లో గిన్నెలన్నీ చల్లారిపోయేవి.

రెండో నియమం దగ్గరే వచ్చింది తంటా. ఒక ఏడు మధ్యలో బీమావాడి ఫోను మోగింది. ఎక్కడో రోడ్డు మీద ఇద్దరు తన్నుకుంటున్నారు. వాడు లేచాడు. లేస్తే మళ్ళీ రావద్దు అంది మా ఆవిడ. వాడు ఆమె ముఖం చూసి, చెప్పులు వేసుకుని దిగిపోయాడు. ఇద్దరిదీ ఒకే రకం మొండితనం. ఆ తర్వాత ఆమె పిలవలేదు, వాడు రాలేదు.

మరుసటి ఏడు ఆమె మంచాన పడింది. రిపోర్టులాయనకు ఫోను చేసి అందరికీ చెప్పమన్నాను. చెబుతానన్నాడు. అందరూ వచ్చారు, పళ్ళు తెచ్చారు, మెల్లగా మాట్లాడారు. ఆమె మాత్రం గంట మోగినప్పుడల్లా తలుపు వంక చూసేది. నువ్వే బీమావాణ్ణి ఓ మాట పిలవరాదా అంటే, వాడే రావాలి అనేది. చివరిదాకా చూసింది. వాడు రాలేదు. సాగనంపిన రోజు కూడా రాలేదు. ఆ రోజే వాడికి నా గడప మూసేశాను.

మొన్న కోర్టమ్మాయి ఫోను చేసింది. అక్క పోయాక కలవనే లేదు, ఈ ఏడు మళ్ళీ మీ ఇంట్లోనే కలుద్దామని అందరి కోరిక అంది. బీమా ఆయన కూడా వస్తానంటున్నాడని చివర్లో కలిపింది.

"మీరు రండి. వాడు రాకూడదు" అన్నాను.

"అంటే బావగారూ, మేం రావచ్చు, ఆయన మాత్రం రాకూడదంటున్నారు. అంతేనా?"

"అంతే."

"మీ మనసులో ఆయన మీద కోపం ఉంది."

"కోపం అనే మాట నేననలేదు. రాకూడదన్నాను. సరిగ్గా తిప్పి చెప్పు."

ఆదివారం వస్తామని ఫోను పెట్టేసింది. నా దగ్గర వాళ్ళ విద్య ఇలాగే తప్పు దారి పడుతుంది.

ఆదివారం వచ్చారు. కుర్చీలు నేనే మోశాను. ఆమె కుర్చీ ఖాళీగా వదిలారు. అందులో చేతిసంచీ పెట్టబోయిన చెవిని ఒక చూపు చూశాను, తీసేసింది. తలుపు వేద్దామని వెళితే గుమ్మం బయట వాడు. జుట్టు పలచబడింది. గడప అవతలే ఆగిపోయాడు. ఎవరు రమ్మన్నారని అడిగాను. ఎవరూ రమ్మనలేదు, తనే వచ్చానన్నాడు. లోపలున్న శాంతిమూర్తులంతా నేల చూపులు చూస్తున్నారు.

కోర్టమ్మాయి గొంతు సవరించుకుంది. ముందు బావగారి మాట విందాం అంది. సరే వినండి అన్నాను.

"ఆమె మంచంలో ఉన్నన్నాళ్ళూ తలుపు వంకే చూసింది. వాడు రాలేదు. అంతకు మించి నా దగ్గర మాట లేదు."

గుమ్మం బయట నుంచి వాడే అందుకున్నాడు.

"ఆమె మంచంలో ఉన్నన్నాళ్ళూ తలుపు వంకే చూసింది. నేను రాలేదు. ఇదేనా బావగారూ మీరన్నది?"

ఆ మాట వాడి నోట వినడం నాకు బాగాలేదు. అదే అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఆమె పోయి మూడు నెలలయ్యాక పళ్ళ దుకాణంలో రిపోర్టులాయన కనిపించాడట. అక్క ఎలా ఉంది, కోపం తగ్గిందా అని అడిగాడట. ఆయన చేతిలో సంచీ అక్కడే పెట్టేసి తల దించుకున్నాడట. జబ్బు సంగతీ, పోయిన సంగతీ రెండూ ఒకేసారి అక్కడ తెలిశాయట.

నేను రిపోర్టులాయన వైపు తిరిగాను. అందరికీ చెప్పమన్నాను కదా అన్నాను.

"బావగారూ, వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. నేను చెబితే అక్క తరఫున ఆయన మీద ఒత్తిడి తెచ్చినట్టవుతుంది. మనం ఎటూ మొగ్గకూడదు కదా."

మిగతావాళ్ళూ ఒక్కొక్కరే బయటపెట్టారు. కోర్టమ్మాయిదీ అదే ఆలోచన. చెవి విన్నది గానీ, విన్నది బయట చెప్పడం తన వృత్తికి విరుద్ధం. పైగా దీని గురించి ఒక పూట కూర్చుని చర్చించారట కూడా. వలయంగానే. ఒకరన్నది ఒకరు తిప్పి చెప్పుకుని, అందరూ అవునంటే అవునని, తటస్థంగా ఉండడమే ధర్మమని తేల్చి లేచారట.

చావుకబురు చల్లగా చెప్పేవాళ్ళను చూశాను. అసలు చెప్పకుండా ఉండడానికి సభ పెట్టినవాళ్ళను ఇప్పుడే చూశాను. ఆ మాటే అన్నాను. ఎవరూ తిప్పి చెప్పలేదు.

బీమావాడు ఇంకా బయటే ఉన్నాడు.

"మళ్ళీ రావద్దంది బావగారూ. ఆ మాట ఆమె వెనక్కి తీసుకోలేదు. మిమ్మల్ని చూసిపోదామని వచ్చాను, అంతే" అన్నాడు.

పోవడానికి తిరిగాడు. ఖాళీ కుర్చీ తలుపు వైపే ఉంది. ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఏమీ అనేది కాదు. నన్ను చూసేది.

ముప్ఫై ఏళ్ళు చేసిన కండక్టరు ఉద్యోగం నోట్లోంచి పోదు.

"మెట్టు మీద నిలబడకూడదు. లోపలికి జరుగు" అన్నాను.

వాడు చెప్పులు విప్పి లోపలికి జరిగాడు. ఆమె కుర్చీలో కాదు, పక్కన నేల మీద కూర్చున్నాడు. కోర్టమ్మాయి కళ్ళు తుడుచుకుని, అయితే మమ్మల్ని కూడా క్షమించినట్టేనా బావగారూ అంది. లేదన్నాను. రిపోర్టులాయన నోరు తెరిచాడు.

"తిప్పి చెప్పకు" అన్నాను. "ఇన్నాళ్ళూ కోపమంతా ఒక్కడి మీద పెట్టుకున్నాను. ఇక నుంచి మీ అందరి మీదా. ఒక్క రోజులో అయ్యేది కాదు. ఏటా రావాలి."

అప్పుడే బీమావాడి జేబులో ఫోను మోగింది. ఎత్తాడు, విన్నాడు. కూడలి దగ్గర ఒక లారీ, ఒక కారు, ఇద్దరు మనుషులు, ఒక ఇనుప కడ్డీ. వాడు నా వంక చూశాడు. అందరూ నా వంకే చూశారు.

"వెళ్ళు. పని చూసుకుని మళ్ళీ రా" అన్నాను.

మెట్లన్నీ దడదడమని దిగాడు. ఇది నియమం తప్పినట్టా కాదా అని కోర్టమ్మాయి పక్కావిడతో గుసగుసలు మొదలుపెట్టింది. కూర్చోండి, వలయం మొదలైంది, మీలో ఎవరూ లేవడానికి లేదన్నాను. వరసగా దులపడం రిపోర్టులాయన దగ్గర మొదలుపెట్టాను.

దీపాలు పెట్టే వేళకు వాడు తిరిగొచ్చాడు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉంది. అప్పటికి నేనింకా చెవి దగ్గరే ఉన్నాను. వాడు నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. మిగతావాళ్ళను ఇద్దరం కలిసి తిట్టాం.