ఖాయంగా వచ్చేవి పైన

రంగస్వామి పెళ్ళికి పోతే మొదటి బంతిలోనే కూర్చుంటాడు. రెండో బంతికి పప్పు పలచబడుతుందని ఆయన భయం. బస్టాండులో ముందు వచ్చిన బస్సే ఎక్కుతాడు. వెనక వచ్చేది ఖాళీగా ఉండొచ్చు, అసలు రాకపోనూవచ్చు. కర్నూలు నీటిపారుదల ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. రాని నీళ్ళ మీద వచ్చిన ఫైళ్ళన్నీ చూసినవాడు కనుక, చేతికందింది ముందు పట్టుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. కూతురి ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లు కూడా ఆ సిద్ధాంతం ప్రకారమే నింపించాడు.

కూతురు శివజ్యోతికి ఎంట్రన్సులో ముప్పై ఆరు వేల ర్యాంకు వచ్చింది. అది పండగ చేసుకునే ర్యాంకూ కాదు, ఏడవాల్సిన ర్యాంకూ కాదు. ఫోన్ చేసిన బంధువులు "ఓహో" అని, కాసేపాగి "పోనీలే" అన్నారు.

ఆప్షన్ల కోసం ఇంట్లో వారం రోజులు మీటింగు నడిచింది. రంగస్వామి ఫోన్ స్పీకర్లో పెట్టి ఒక్కొక్కరినీ సలహా అడిగాడు. అందరూ 'పిల్ల' గురించి మాట్లాడారు. పిల్ల ఫోన్ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉంది.

"ఏమన్నా రాయించు గానీ సివిల్ మాత్రం వద్దన్నా. ఎండలో తిరిగి పిల్ల నల్లబడతాది" అంది ఆదోని మేనత్త.

కర్నూలు జిల్లాలో నల్లబడకుండా మిగిలినవాళ్ళు ఎవరో ఆమె చెప్పలేదు.

జ్యోతికి కావలసింది సివిలే. కడప దగ్గరి గవర్నమెంటు కాలేజీలో సివిల్. పోయిన ఏడాది ఆమె కేటగిరీ ఆడపిల్లలకు అక్కడ నలభై వేల ర్యాంకు దాకా సీటు వచ్చింది. ఆ మాట ఒకసారి చెప్పింది కూడా. ఎందుకని ఎవరూ అడగలేదు. "సరే, అదీ రాస్తాంలే" అన్నాడు రంగస్వామి, కూరలో కరివేపాకు వేసినట్టు.

రాశాడు. ఇరవై ఏడో నంబరుగా. పైనంతా ఊరి చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలు. అవి ఏ ర్యాంకునూ కాదనవు. గేటు దగ్గర నిలబడి పిలవడమే తక్కువ.

"నాన్నా, కంప్యూటర్ పైనుంచి చూసుకుంటా వస్తాది. ఒకటో నంబర్లో సీటుంటే అదే ఇచ్చి ఆగిపోతాది. ఇంక కిందికి రాదు" అంది జ్యోతి.

"యాల రాదు? గవర్నమెంటు కంప్యూటర్ అది. అన్నీ చూసి, ఉండేదాంట్లో మంచిది ఇస్తాది."

"ఇయ్యదు నాన్నా. వెబ్‌సైట్లోనే రాసినారు."

"మ్మే, ఖాయంగా వచ్చేవి పైన పెట్టుకోవాల. ఆశపడేవి కింద పెట్టుకోవాల. పైనే ఆశ పెట్టుకుంటే ఉండేది గూడా పోతాది."

జ్యోతి అమ్మ వైపు చూసింది. "మీ నాయన ఆఫీసులో పనిచేసే మనిషి" అంది అమ్మ. ఏ ఆఫీసయినా ఆఫీసేనని ఆమె నమ్మకం.

రంగస్వామి ఆప్షన్ల ప్రింటుకు లామినేషన్ చేయించాడు. లామినేషన్ చేసినదాన్ని ఇంకెవరు మారుస్తారు? ఆదివారం ముగ్గురూ మంత్రాలయం పోయారు. బృందావనం ముందు ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. రాఘవేంద్రస్వామికి కూడా వరుస నంబర్లు స్పష్టంగా కనబడాలి కదా.

తిరుగు బస్సులో జ్యోతి తన ఇంటర్ క్లాసు వాట్సాప్ గ్రూపు తెరిచింది. అరవై నలుగురు. రెండేళ్ళు ఒకే హాస్టల్లో పడుకున్నారు, ఒకే గంటకు లేచారు. అప్పుడు మాట్లాడితే వార్డెన్ తిట్టేవాడు. ఇప్పుడు తిట్టేవాళ్ళు లేరు, మాటలే లేవు. 'మీ ఇంట్లో ఆప్షన్లు ఎవరు పెట్టారు' అని టైపు చేసి, చెరిపేసింది. ఆ లోపల ఎవరో పుట్టినరోజు కేకు ఫోటో పెట్టారు. అందరితో పాటు తనూ ఒక కేకు బొమ్మ పంపి ఫోన్ మూసింది.

ఆప్షన్లు మార్చుకోవడానికి మంగళవారం ఒక్క రోజు ఇచ్చారు. రంగస్వామికి ఆ రోజుతో పని లేదు కనుక ఆఫీసుకు పోయాడు. అమ్మ వీధి చివర భజనకు పోయింది. పాస్‌వర్డు నాన్న డైరీలో 'రహస్యం' అని పైన రాసి ఉన్న పేజీలో దొరికింది.

కడప సివిల్ ఎదురుగా ఉన్న ఇరవై ఏడు తీసేసి ఒకటి కొట్టింది జ్యోతి. మిగతావన్నీ తలా ఒక మెట్టు దిగాయి. సేవ్ నొక్కింది.

అయిపోయింది. పుట్టి పద్దెనిమిదేళ్ళలో ఇంత పెద్ద పని ఆమె చేయలేదు. చేశాక ఎవరికైనా చెప్పాలనిపించింది. వంటింట్లోకి పోయింది, ముందు గదిలోకి వచ్చింది. ఎవరూ లేరని ముందే తెలుసు. మంచినీళ్ళు తాగి కూర్చుంది.

అప్పుడే ఫోన్ మోగింది. నాన్న.

"మ్మే జ్యోతీ, నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మన ఆప్షన్లు సేవ్ అయినాయంట."

"ఊఁ."

"మొన్ననే చెప్పినారు గదా, మళ్ళ చెప్తాండారు. ఎంత బాధ్యత చూడు!"

తర్వాతి వారమంతా జ్యోతి ముఖం దొంగతనం చేసినవాళ్ళ ముఖంలాగే ఉంది. ఇంట్లో ఎవరూ ముఖం చూడలేదు కనుక దొరకలేదు.

కడప కాలేజీలో సివిల్ వచ్చింది.

రంగస్వామి ఫోన్ చేతిలో పట్టుకుని నడింట్లో నిలబడిపోయాడు. "నేను చెప్పల్యా? ఇరవై ఏడో నంబరు దాకా ఎతికి ఎతికి మంచిది ఇచ్చింది" అన్నాడు. ఆఫీసులో మైసూరుపాకు పంచాడు. సివిల్ అయితేనేం, గవర్నమెంటు సీటు అని మేనత్త కూడా ఒప్పుకుంది. నాలుగు రోజుల్లో కాలనీ అంతా ఆయన పద్ధతికి పేరొచ్చింది.

నిజం చెప్పేయాలని జ్యోతి మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ నాన్న ముఖం చూసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన సిద్ధాంతానికి ఫలితం కనబడింది. మూడుసార్లూ అమ్మతో "కొంచెం మజ్జిగ పోయి మా" అని ఊరుకుంది.

తర్వాతి శనివారం సాయంత్రం పక్క వీధిలోని గాబ్రియేలు వచ్చాడు. ఎలిమెంటరీ స్కూలు టీచరు. వెంట కూతురు నిస్సీ ఉంది. ర్యాంకు పంతొమ్మిది వేలు. సర్టిఫికెట్టు ఆలస్యమై కౌన్సెలింగ్ మొదటి విడత తప్పిపోయింది. ఇది రెండో విడత.

"రంగస్వామన్నా, మా పాపవి గూడా నీ చేత్తోనే రాసియ్యాల" అన్నాడు గాబ్రియేలు.

రంగస్వామి కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. సలహాల కోసం ఫోన్ స్పీకర్ ఆన్ చేయాల్సిన అవసరం కూడా ఇప్పుడు ఆయనకు రాలేదు.

"ముందు ఖాయంగా వచ్చేవి ఏమేమి ఉండాయో చెప్పప్పా" అన్నాడు.

నిస్సీ సోఫా అంచున కూర్చుని తన గోళ్ళు చూసుకుంటోంది. ఆమె నింపాల్సిన ఆప్షన్ల గురించి ఆమెను తప్ప అందరూ మాట్లాడుతున్నారు. జ్యోతి లేచి నిలబడింది.

"నిస్సీ, మేడ మీద బట్టలు తీయాల, వస్తావా?"

మేడ మీద గచ్చు ఇంకా కాలుతోంది. బట్టలు అప్పడాల్లా బిగుసుకుపోయాయి. జ్యోతి మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా నాయన చెప్పినట్ల పెడితే నీకు ఈడి కాలేజీనే వస్తాది. నువ్వు కావాలనుకునేది పైన పెట్టుకో."

"నీకు ఆయన పెడితేనే గదా వచ్చింది?"

"కాదు. మార్చే రోజు నేనే తిప్పేసినా. కడప పైన పెట్టినా. మీకు గూడా మార్చుకునేకి ఒక రోజు ఇస్తారు."

నిస్సీ చేతిలోని చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మో! ఎవరెవరికి తెలుసు?"

"నీకు తెలుసు."

కాసేపు ఇద్దరూ క్లిప్పులు తీశారు. తర్వాత నిస్సీ అడిగింది: "అయినా సివిలే యాల?"

ఆ మాట తనను ఎవరైనా అడుగుతారని జ్యోతి అనుకోలేదు.

"పోయిన ఎండాకాలం కోసిగికి పోయింటిమి. ఊరి బయట వంక మీద బ్రిడ్జి కడతాన్నారు. ఒక ఇంజనీరు మేడం నిలబడి ఉన్నింది. నల్లగా, మనట్లనే. చేత్తో చూపించి, 'రెండు సెంటీమీటర్లు ఎడమకు జరపండి' అనింది. ఎనిమిది మంది మొగోళ్ళు, ఇంత లావు ఇనుము."

"జరిపినారా?"

"జరిపినారు. ఒక్కడు గూడా ఎదురు మాట్లాడలా. మా ఇంట్లో కుర్చీ జరపమంటే ఎవరన్నా జరుపుతారా?"

నిస్సీ నవ్వింది. కింద నుంచి రంగస్వామి గొంతు వినబడుతోంది, ఒకటో నంబరు, రెండో నంబరు అంటూ. నిస్సీ దుప్పటి రెండో కొస అందుకుని దగ్గరికి వచ్చింది.

"తర్వాత ఏమనింది ఆ మేడం?"