వయ్యారం చేసిన తలుపులు

ఆఫీసులో అతణ్ణి అందరూ వయ్యారం అనేవారు. ఆ పేరు పెట్టింది టీమ్ లీడ్ మేడమ్. ఫోన్‌లో ఒక తెర వెళ్ళి ఇంకో తెర వచ్చేటప్పుడు మధ్యలో ఒక కదలిక ఉంటుందే, అది తయారుచేయడమే అతని ఉద్యోగం. మిగతావాళ్ళు ఆ పని ఓ పూటలో ముగించి చేతులు దులుపుకుంటే, ఇతను వారం పాటు దాని మీదే కూర్చునేవాడు. అతని చేతిలో పడ్డ తెర ఏదీ తిన్నగా వచ్చిన పాపాన పోలేదు. ముందు తొంగిచూసేది, ఒకడుగు వెనక్కి వేసేది, ఒళ్ళు విరుచుకునేది, అప్పుడు దయచేసేది.

ఇంట్లోనూ అదే ధోరణి. వంటగదిలోంచి హాల్లోకి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర వేగం తగ్గించి, పక్కకి జారి, నిటారుగా నిలబడి, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునేవాడు. చేతిలో కాఫీ ఉన్నప్పుడు మాత్రం జారొద్దని భార్య షరతు పెట్టింది.

ఆ రోజుల్లో లిఫ్టులు బాగుచేసే కంపెనీ ఒకటి వాళ్ళ దగ్గరికి యాప్ కోసం వచ్చింది. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఫోన్ తీసి, ఏ భవనమో, ఏ లిఫ్టో, ఎంతమంది ఉన్నారో చెప్పి, చివర్లో ఒక బటన్ నొక్కాలి. దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి కబురు వెళుతుంది. అంతే, నాలుగు తెరల పని.

వయ్యారానికి ఆ నాలుగు తెరలూ కనిపించలేదు. వాటి మధ్యనున్న సందులే కనిపించాయి. ప్రతి సందులోనూ ఒక లిఫ్టు కట్టాడు. రెండు వైపుల నుంచీ ఉక్కు తలుపులు వచ్చి మూసుకుంటాయి. తెర సన్నగా వణికి పైకి లేస్తుంది. అంతస్తుల అంకెలు మారతాయి. ఆగేముందు చిన్న కుదుపు, ఆ వెంటనే టింగుమని గంట, అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. ఆ కుదుపు కుదరడం కోసం అతను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆఫీసు లిఫ్టులో పైకీ కిందికీ తిరిగాడు. ఏ అంతస్తుకి వెళ్ళాలో మర్చిపోయారా సార్ అని వాచ్‌మన్ మర్యాదగా అడిగి వెళ్ళాడు.

టీమ్ లీడ్ మేడమ్ చూసి తల పట్టుకుంది. లోపల ఇరుక్కున్నవాడి ప్రాణం గిలగిల్లాడుతుంటే మనం తలుపులు వేసి తీస్తూ కూర్చుందామా అని అడిగింది. కంగారులో ఉన్నవాడికే అందం కావాలని, కాస్త అందం చూస్తే గుండె కుదుటపడుతుందని వయ్యారం వాదించాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గాని, ఈ పిల్ల పరాయివాళ్ళకీ ముద్దొచ్చింది. లిఫ్టు కంపెనీ యజమాని ఆ తలుపుల్ని పదే పదే వేయించి, తీయించి చూసుకుని, తన అసలు లిఫ్టులు కూడా ఇంత మెత్తగా ఆగవని మురిసిపోయాడు. చేయించుకునేవాడికే నచ్చాక మేడమ్ ఏమంటుంది?

యాప్ జనంలోకి వెళ్ళిన కొద్దిరోజులకే వయ్యారం అత్తగారు కూతురి దగ్గర నాలుగు రోజులు ఉండిపోదామని వచ్చింది. ఆవిడ పేరున్న దర్జీ. ఒక్క బట్టల సంచీతో వచ్చి ఉంటే ఈ కథే లేదు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, బట్టలు తొడిగి చూసుకునే బొమ్మని కూడా వెంట తెచ్చింది. దానికి తల లేదు, చేతులు లేవు. ఒంటికాలి కర్ర మీద నిలబడిన ఒళ్ళు మాత్రం ఉంది. ఎవరిదో గౌను సగం కుట్టి దానికే తొడిగి ఉంది. ఆ బొమ్మని చంకలో ఇరికించుకుని, అత్తగారి వెనకే వయ్యారం తన అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కాడు.

మూడో అంతస్తు దాటాక లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇది తను చేసిన కుదుపు కాలిగోటికి సరిరాదని ఆ క్షణంలోనూ అతనికి తోచింది. గంట బటన్ నొక్కాడు. మోగలేదు. అద్దం పక్కన లిఫ్టు కంపెనీ వాళ్ళు అంటించిన కాగితం మీద తన యాప్ గుర్తే కనిపించింది. అతనికి ఛాతీ ఉప్పొంగింది.

"కంగారు పడకండి అత్తయ్యా. దీనికి నేను చేసిన యాపే ఉంది. చూస్తూ ఉండండి," అని ఫోన్ ఆవిడ వైపు తిప్పాడు.

భవనం పేరు నొక్కాడు. తెర మీద ఉక్కు తలుపులు నెమ్మదిగా మూసుకున్నాయి.

"ఒకసారి మూసుకున్నది చాలలేదా అల్లుడుగారూ, మళ్ళీ మూశారెందుకు?" అంది అత్తగారు.

అది తెర మీద తలుపని అతను సర్దిచెబుతుండగానే టింగుమంది. తమ అంతస్తు వచ్చేసిందనుకుని ఆవిడ ఆదరాబాదరా సంచీ అందుకుని, బొమ్మని లాక్కుని ముందుకి అడుగేసింది. అసలు తలుపు ఎక్కడిదక్కడే ఉంది. బొమ్మ మెడ ఠంగున దానికి తగిలింది. ఏ లిఫ్టో నొక్కాక మళ్ళీ అదే తంతు. టింగుమనడం, ఆవిడ కదలడం, బొమ్మ గుద్దుకోవడం. ఆ గంట తనది కాదని తెలిశాక కూడా ఆవిడ కాళ్ళు ఆగలేదు. గంట మోగాక దిగకుండా ఉండడం ఆవిడ జన్మలో చేయని పని.

ఎంతమంది ఉన్నారని అడిగే తెర వచ్చింది. ఇద్దరు అని నొక్కబోతుంటే బొమ్మ భుజం అతని మోచేతిని పొడిచింది. వేలు జారి పదిమంది మీద పడింది. వెనక్కి వెళ్ళి దిద్దుదామని బాణం గుర్తు నొక్కాడు. వెనక్కి వెళ్ళేటప్పుడు లిఫ్టు కిందికి దిగాలని ముచ్చటపడి అమర్చింది అతనే కదా. తలుపులు మూసుకుని, అంతస్తుల అంకెలు జరజరా తగ్గసాగాయి. అత్తగారు ఒక చేత్తో కడ్డీని, రెండో చేత్తో అల్లుడి చొక్కాని పట్టుకుంది.

"పదిమందయితే పదిమందే. మీకు పుణ్యముంటుంది, నన్ను కిందికి మాత్రం దింపకండి."

అంకె దిద్దకుండానే మళ్ళీ పైకి ప్రయాణం కట్టించాడు. తను తీసిన గోతిలో తనే పడ్డట్టుందని అతనికి అప్పుడు తెలిసొచ్చింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తలుపులు తెరుచుకునే ఆ కాసేపూ యుగంలా గడిచింది. చివరి తెర మీద మెకానిక్‌ని పిలిచే బటన్ తాడు కట్టి దింపినట్టు ఊగుతూ వచ్చింది. అది ఊగడం ఆపేదాకా ఎంత నొక్కినా పనిచేయదు. ఆ ఏర్పాటూ అతనిదే.

"ఇది ఎప్పుడు నిలబడుతుంది?" అని అడిగింది అత్తగారు.

"కాసేపట్లో అత్తయ్యా."

"చంటిపిల్ల కూడా ఇన్నిసార్లు ఊగకుండానే నిద్రపోతుంది."

ఎట్టకేలకు బటన్ నిలబడింది. నొక్కాడు. కబురు వెళ్ళింది. చాలాసేపటికి పై నుంచి తలుపులు ఇంత సందు చేసుకుని ఒక టార్చిలైటు లోపలికి వచ్చింది. ఆ వెలుగు ముందుగా తల లేని గౌను మీద పడింది. పైనున్న మెకానిక్ టార్చిని మూలమూలకీ తిప్పి లెక్కపెట్టాడు.

"ముగ్గురున్నారు సరే," అన్నాడు చివరికి. "మిగతా ఏడుగురూ ఏరి సార్?"

పైకి లాగి నిలబెట్టాక మెకానిక్ ఆలస్యానికి క్షమించమన్నాడు. తను పక్క వీధిలోనే ఉన్నాడట. కబురు రాగానే ఫోన్ తీశాడట. చిరునామా చూపించమంటే ఆ యాప్ తలుపులు వేయడం, తీయడం, గంట కొట్టడం ముగిసేసరికి తల ప్రాణం తోకకొచ్చిందట. పనీపాటా లేనివాడెవడో చేసి ఉంటాడని తీర్మానించాడు.

వయ్యారం ఫోన్‌ని జేబులోకి తోసేశాడు. అత్తగారు గౌను మీది దుమ్ము దులుపుతూ తలెత్తకుండానే అంది, "ఎవరో పిల్లాడు ముచ్చటపడి చేసి ఉంటాడులే బాబూ. నేర్చుకుంటాడు."

ఆవిడకి తన పని మీద ఏ అభిప్రాయమూ లేదని అతను అన్నేళ్ళూ అనుకున్నాడు. ఆ పూట ఆ బొమ్మని రెండు చేతులా ఎత్తుకుని, మెట్లమీదుగా ఇంటిదాకా మోశాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి తలుపులు, గంట, తాడు అన్నీ తనే పీకేశాడు. ఒక తెర పోతే ఇంకో తెర కళ్ళముందు ఉంటుంది, అంతే. యజమాని పరిగెత్తుకొచ్చి, తన లిఫ్టుల్లో ఇరుక్కునేవాళ్ళు ఎవరూ ఉండరని, కాబట్టి అందం ఉంచితే నష్టమేమీ లేదని బతిమాలాడు. ఎవరూ ఇరుక్కోకపోతే యాప్ ఎందుకు చేయించుకున్నారని మేడమ్ అడిగింది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. తన పనిని తనే కాదనుకోవడం వయ్యారానికి అదే మొదలు. ఆ రోజంతా పిల్లని అత్తారింటికి పంపినవాడిలా దిగాలుగా కూర్చున్నాడు.

మేడమ్‌కి జాలేసి అతనికి కొత్త పని ఇచ్చింది. అది నిద్రపట్టని వాళ్ళ కోసం చేసే యాప్. ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా చేసుకోమంది. వయ్యారానికి ప్రాణం లేచొచ్చింది. అతను చేసిన మొదటి తెర మబ్బులా కరిగి రెండో తెర వచ్చేలోపు, పరీక్షించే కుర్రాడు బల్ల మీద తల పెట్టి గుర్రు పెట్టాడు. దాన్ని లోపం కింద రాయాలా అని పక్కవాడు మేడమ్‌ని అడిగాడు. రాయక్కర్లేదని, మెల్లగా మాట్లాడమని చెప్పి ఆవిడ లైటు ఆర్పించింది.