ఏడుకుండలమ్మ

కుండలు కాల్చే ఆవం ఇంకా చల్లారలేదు. పెదబాబు పైన కప్పిన బూడిదను కర్రతో పక్కకు లాగి, కుండలను ఒక్కొక్కటే బయటికి తీసి, వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఖంగుమంటే మంచి కుండ. మొద్దుగా పలికితే ఎక్కడో కంటికి కనపడని బీట ఉన్నట్టు. అలాంటిదాన్ని కోళ్లకు నీళ్లు పెట్టుకోవడానికి పనికొస్తుందిలే అని పక్కన పెట్టి, ఇంకోదాన్ని అందుకుంటాడు. ఒక కంటికి పొర కమ్మి చాలాకాలమైంది. రెండోదీ నమ్మదగ్గది కాదు. చెవులు మాత్రం దివ్యంగా పనిచేస్తున్నాయి. భార్య రాజ్యం తిట్టే తిట్లు తప్ప అన్నీ వినపడతాయి.

మనిషి పొట్టి. కుండలు చేసే సారె ముందు వంగి వంగి వీపు ఆ వంపులోనే నిలిచిపోయింది. గోళ్లు మట్టికి అరిగి సగమే మిగిలాయి. అరచేతుల్లో గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి కాబట్టి, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడెవడైనా వస్తే దణ్ణం పెట్టి వెళ్లిపోవాల్సిందే. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆయాసం పట్టుకుంది. పది అడుగులు వేస్తే గుండె గొంతులో కొట్టుకుంటుంది. ఆసుపత్రికి పద అని రాజ్యం అంటే, పండగ వెళ్లనీ అంటాడు. ఏ పండగ అని ఆవిడ అడగదు. ఆ ఇంట్లో పండగంటే ఒక్కటే.

చోడవరం ఊరి చివర, చెరకు చేలు మొదలయ్యే చోట ఏడుకుండలమ్మ గుడి ఉంది. గుడి అనడం ఈమధ్య మాట. అంతకుముందు అది మోకాలెత్తు రాయి, దాని మీద రేకుల కప్పు. ఏదో కరువు కాలంలో దారిన పోయే ఆడమనిషి ఒకావిడ వచ్చి ఆకలన్నదట. ఊళ్లో ఆడవాళ్లు తలా పిడికెడు చోడిపిండి, అదే రాగిపిండి, తెచ్చి, అంబలి కాచి, ఏడు కుండలు నింపి ముందు పెట్టారట. ఆవిడ ఆరు కుండలు తాగి, ఏడోది మాత్రం ముట్టుకోకుండా, 'ఇది మీ ఆడపిల్లలది, వాళ్లెక్కడికెళితే అక్కడికి పట్టుకెళ్లనీండి' అని చెప్పి రాయైపోయిందట. రుజువులు అడిగేవాళ్లకు చెప్పడానికి ఇంకేమీ లేదు. ఆ ఒక్క మాట మీద ఊరు తరాలు గడిపింది.

ఏటా పండగనాడు కుమ్మరి ఇంటి నుంచి ఏడు కొత్త కుండలు వెళ్లాలి. ఆరింటిలో అంబలి ఊరంతా తాగుతుంది. ఏడో కుండ కుమ్మరి నెత్తి మీదే రావాలి. అందులో అంబలిని ఆ ఏడాది పెళ్లి కుదిరిన ఆడపిల్లలకు చిన్న ముంతల్లో పోసి ఇస్తారు. పిల్ల అత్తవారి ఊళ్లో ఓ మూల ఆ ముంతను బోర్లించి, పక్కన ఒక రాయి నిలబెట్టి పసుపు రాస్తే, అక్కడ అమ్మ వెలిసినట్టే. వడ్డాదిలో అలాగే వెలిసింది. రావికమతంలోనూ అంతే. అమ్మ ఏ రథమూ ఎక్కలేదు, ఏ రాజూ ఆవిడకు గుడి కట్టించలేదు. కోడళ్ల చంకనెక్కి, అత్తల కళ్లుగప్పి, ముంతలో కూచుని ఊళ్లు తిరిగింది. పెదబాబు కూతురు దుర్గాదేవి కూడా రావికమతానికి అలాగే ముంత పట్టుకెళ్లింది.

అటువంటి తల్లికి ఒక్క కొమ్ముతో కాలం తీరింది. కొన్నేళ్ల కిందట గుడి కమిటీవాళ్లు పండగకు ఫ్లెక్సీ వేయించారు. పేరు ఫోన్లో చెప్పారు. ఫ్లెక్సీ కొట్టే కుర్రాడికి 'ఏడు' అనగానే కుండలు ఎందుకు గుర్తొస్తాయి, కొండలే గుర్తొస్తాయి. కొమ్ము పెట్టాల్సిన చోట ఒత్వం పెట్టి 'శ్రీ ఏడుకొండలమ్మ తల్లి మహోత్సవములు' అని అచ్చేశాడు. దాన్ని తెచ్చి వేపచెట్టుకు కట్టింది పెదబాబే. అతనికి చదువు రాదు. రంగులు బాగున్నాయని మెచ్చుకున్నాడు కూడా.

మొదటి ఏడు అందరూ నవ్వారు. మరుసటి ఏడు ఆ ఫ్లెక్సీ ఫొటో ఫోన్లలో తిరిగి, ఎక్కడెక్కడి వాళ్లో కార్లేసుకుని వచ్చారు. తిరుపతి స్వామివారికి చెల్లెలనీ, అన్న మీద అలిగి ఇంత దూరం వచ్చేసిందనీ ఎవరో చెప్పారు. వచ్చినవాళ్లు హుండీ ఎక్కడని అడిగారు. దాంతో తప్పు దిద్దుదామన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. పంతులుగారు వచ్చారు, మంగళవారం పండగ శుక్రవారానికి మారింది, కోడిని కోయడం ఆగింది, చోడంబలి పోయి చక్కెర పొంగలి వచ్చింది. కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ పని; 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అని ఊరికే అన్నారా!

ఇంత జరిగినా నిరుటి వరకు కుండలు మాత్రం లోపలికి వెళ్లాయి. ఎవరూ పట్టించుకోని ఒక మూలనే పెట్టారు, కానీ వెళ్లాయి. ఈ ఏడు కూడా వెళితే చాలు. పెదబాబుకు ఇంకే కోరికా లేదు.

ఏరిన ఏడు కుండలకూ రాజ్యం సున్నంతో చుక్కలు పెట్టి, పసుపు రాసి, చేతులు జోడించింది.

"ఏడుకొండలమ్మ తల్లీ, సల్లగా సూడమ్మా."

పెదబాబు ఆవిడ వైపు చూశాడు.

"ఏటలగ సూస్తావు?" అంది.

"ఏటన్నావు నువ్వు?"

తనేమన్నదో ఆవిడకు ఒక్క నిమిషానికి గాని తెలియలేదు. నాలిక కరుచుకుంది. "అందరూ అలగే అంతన్నారు. నోటికి అదే వచ్చేసినాది. దానికి నామీద ఎగరకు," అని లోపలికి వెళ్లిపోయింది. ఎగిరే ఓపిక అతనికి లేదు. సొంత పెళ్లాం నోట్లోకే వచ్చేసింది, ఇంక ఊరిని ఏమని ఏం లాభం అనుకున్నాడు.

ఆరు కుండలు తోపుడుబండిలో గడ్డి మీద సర్దారు. బండి రాజ్యం తోసింది. ఏడో కుండ నెత్తిన పెట్టుకుని పెదబాబు ముందు నడిచాడు. రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. ఒకప్పుడు ఈ కుండ ఎదురొస్తే బండ్లు ఆగేవి, ఆడవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసేవాళ్లు. ఇప్పుడు ఒకమ్మాయి స్కూటీ ఆపి ఫొటో తీసుకుని, బాగుందండీ అని వెళ్లిపోయింది. అతను మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

గుడి ముందు సిమెంటు ఆర్చి కొత్తగా వెలిసింది. మైకులో రికార్డు 'సప్తగిరీశ సోదర్యై నమః' అని తిరుగుతోంది. ఆ మాటలకు అర్థం పెదబాబుకు తెలియదు. పిలుస్తున్నది తన అమ్మను కాదని మాత్రం తెలుస్తోంది.

కమిటీ ప్రెసిడెంటు హరిబాబు పట్టుపంచె ఎగ్గట్టుకుని పరుగులాంటి నడకతో ఎదురొచ్చాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు పెదబాబు సారె దగ్గర కూచుని మట్టితో ఎడ్లు చేసుకున్నవాడే.

"అయ్యో పెదబాబూ, నీకు కబురందలేదేటి? ఈ ఏడు కుండలొద్దనుకున్నాం కదా."

"ఒద్దనుకున్నారా?"

"పంతులుగారు సెప్పేరు. మట్టిది గర్భగుడిలోకి పనికిరాదంట. ఏడు కొండలకి గుర్తుగా ఏడు ఇత్తడి కలశాలు పెట్టేం. వైజాగ్ డోనరొకాయన ఇచ్చేడు."

పెదబాబు నెత్తి మీద కుండను రెండు చేతులతో పట్టుకున్నాడు. "కుండల్లేకుండా ఏడుకుండలమ్మేటి బాబూ?"

"కుండలమ్మ కాదు, కొండలమ్మ. పేరు మారిపోయి ఎన్నాళ్లయినాది! గూగుల్లో కొట్టినా అదే వస్తాది. కొండలకి కుండలెందుకు, నువ్వే సెప్పు." హరిబాబు నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అతనికి అది సమాధానంగా తోచింది.

"మీ అక్క వడ్డాది ఎల్లినప్పుడు నా సేత్తోనే ముంత ఇచ్చేను బాబూ. ఈ గుమ్మంలోనే. ఆ పాప ఏడుస్తంటే మీ అమ్మ నన్నే ఊరుకోబెట్టమంది."

హరిబాబు ముఖం కొంచెం మారింది. పక్కకు చూశాడు. "అక్క మొన్న శుక్రారమే వచ్చి కుంకుమపూజ సేయించుకెల్లింది," అన్నాడు మెల్లగా. తర్వాత తనే తేరుకుని, "ఇంత దూరం మోసుకొచ్చేవు, ఒట్టి సేతుల్తో పంపుతామేటి? మంచి పని సేద్దాం. రోడ్డు పక్కన సలివేంద్రం పెట్టేం. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు మరిగిపోతన్నాయి. నీ కుండల్లో పోస్తే సల్లగుంటాయి. పున్నెం నీదే," అన్నాడు.

దాహానికి కుండ ఇవ్వనన్న కుమ్మరి ఎక్కడా పుట్టలేదు. అది హరిబాబుకీ తెలుసు. మనుషులు వచ్చి బండిలో ఆరు కుండలూ దింపుకున్నారు. నెత్తి మీద ఏడోదాన్ని హరిబాబే రెండు చేతులతో, ఎంతో మర్యాదగా, ఎత్తి తీసుకున్నాడు. పెదబాబు చేతులు కాసేపు గాలిలోనే ఉండిపోయాయి.

మొగుడూ పెళ్లాలిద్దరూ గోడ వారగా నిలబడ్డారు. రాజ్యం ఏడవలేదు. "ఇంటికి పోదాం రా," అంది.

"ఏడోది ఇయ్యను," అన్నాడు పెదబాబు. అతని గొంతులో ఉన్నట్టుండి ప్రాణం లేచొచ్చింది. "రావికమతం తీసుకెల్లిపోతాను. పాప ఊళ్లో పండగ మంగళారమే కదా. షేర్ ఆటో ఎక్కితే ఎంతసేపు! అక్కడ పెడతాను. అక్కడున్నాది అమ్మ. పాపకి ఫోన్ సెయ్యి."

రాజ్యం ఫోన్ తీసింది. అతను ఆగలేదు. భుజం మీద తువ్వాలు తీసి, మెలిపెట్టి, నెత్తి మీద కుండ కింద పెట్టుకునే చుట్టలా గుండ్రంగా చుట్టుకుంటూ చలివేంద్రం దగ్గరికి నడిచాడు.

ఏడు కుండల్లోనూ అప్పటికే నీళ్లు పోసేశారు. ఏడోదాని మీద స్టీలు మూత, మూతకు గొలుసు, గొలుసుకు గ్లాసు. చెరకు కొట్టే కూలీ ఒకడు ముఖమంతా మసితో నిలబడి, గుక్క తిప్పుకోకుండా తాగుతున్నాడు. అతని వెనక ఇంకా నలుగురు ఎదురుచూస్తున్నారు.

"మా సల్లగున్నాయి తాతా. తాగు," అని కూలీ గ్లాసు అందించాడు.

ఆ నీళ్లు ఒంపేసి కుండ ఇచ్చేయమని అడగడానికి పెదబాబుకు నోరు రాలేదు. వీళ్లు తాగడం అయ్యాక తీసుకుందామని పక్కకు జరిగాడు. రాజ్యం ఫోన్ తెచ్చి అతని చెవికి ఆనించింది.

"నాన్నా," అంది దుర్గాదేవి. "అమ్మ సెప్పింది. ఇక్కడికి తేకు నాన్నా."

"ఏం?"

"ఇక్కడా ఆర్చీ కట్టేరు. ఏడుకొండలమ్మనే రాసేరు. మా మావయ్య కూడా సందా ఇచ్చేడు. నువ్వు కుండ తెస్తే నాను ఎక్కడ పెట్టీది? టైల్సేసేరు."

"మన ముంతో?"

"నాను ఇంట్లో లేనప్పుడు తీసేరు నాన్నా. ఏటి సేసేరో అడిగితే ఎవులూ సెప్పరు." ఆ పిల్ల ఏడుస్తోంది. "నీకు సెప్పలేకపోయేను."

అమ్మకు తరాలు పట్టిన దారి అది. ఆవిడ వెనకాలే, ఆవిడ నడిచిన దారి వెంటే, ఆ తప్పు రెండు మూడు పండగల్లో నడిచేసింది. ఇంక తీసుకెళ్లడానికి ఊరు లేదు. "ఏడవకమ్మా. నీ తప్పేటున్నాది," అని పెదబాబు ఫోన్ రాజ్యానికి ఇచ్చేశాడు.

"బండి తెస్తాను, ఇక్కడే ఉండు," అని రాజ్యం వెళ్లింది. అతను గుడి వెనక్కి నడిచాడు. అక్కడ వెనక గోడ నీడ సన్నగా పడుతోంది. కూచుని, చుట్టిన తువ్వాలును పక్కన నేల మీద పెట్టి, వీపు గోడకు ఆనించాడు. లోపలి గంటలు వీపుకు తెలుస్తున్నాయి. ఎదురుగా కొట్టేసిన చెరకు చేను. గుండె గొంతులో కొట్టుకోవడం, ఇన్నాళ్లకు, కాస్త నెమ్మదించినట్టనిపించింది. ఇత్తడి కలశాలు లోపల పెడుతున్నారు కాబోలు, మైకులో గోవింద కొట్టారు. అతను కళ్లు మూసుకున్నాడు.

రాజ్యం బండి తోసుకుంటూ వచ్చి, "లెగు, ఎండొస్తంది," అంది. రెండోసారి అనలేదు. బండి వదిలేసి పక్కన కూలబడి అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. ఆ చేతిలో ఎక్కడ చూసినా మట్టే.

హరిబాబు పరుగెత్తుకొచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. మైకు ఆపించాడు. ముహూర్తం దాటిపోతుందని పంతులుగారు మనిషిని పంపితే మళ్లీ పెట్టించాడు. ముందువైపు జనం ఉన్నారు కాబట్టి పెదబాబును అదే తోపుడుబండిలో గడ్డి మీద పడుకోబెట్టి, చేను గట్టు మీదుగా ఇంటికి తీసుకెళ్లారు. అశుచి అయిందని ఆ చోట పసుపునీళ్లు చల్లారు. చల్లినవాడు తువ్వాలును ముట్టుకోలేదు. సాయంత్రానికి నీళ్లు ఆరిపోయాయి, గోడ వారన తువ్వాలు మాత్రం అలాగే ఉంది, చుట్టింది చుట్టినట్టే, మధ్యలో కుండ కూచునేంత ఖాళీతో.