కుడికాలి బూటు

బ్లేడుకి ఒక వైపు గుడ్డ చుట్టి పట్టుకుని మెత్తనయ్య బూటు అడుగు గీస్తున్నాడు. కుడికాలి బూటు మాత్రమే. ఎడమదాని అడుగు కొన్నప్పుడు ఎంత మందం ఉందో ఇప్పుడూ అంతే ఉంది. కుడిదాన్ని మాత్రం బొటనవేలి వెనక, కాలు పెడల్‌కి ఆనే చోట, ఉల్లిపొరంత పల్చగా తెచ్చాడు. రబ్బరు పొట్టు కింద పరిచిన పాత పేపరు మీద నల్లగా రాలుతోంది. రెండు గీతలు గీసి కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. ఇంకో గీత పడుతుందనిపించింది.

"చెక్కి చెక్కి ఆఖరికి మీ కాలే చెక్కుకుంటారు," అంది భార్య.

అతను ఇంకో గీత గీశాడు. పెళ్లైన కొత్తలో అతను మాట్లాడకపోతే ఆమె ఏడ్చేది. తర్వాత తర్వాత ఇద్దరి మాటలూ తనే మాట్లాడటం నేర్చుకుంది. టీ తాగుతారా, తాగుతాను, పంచదార లేకుండానా, లేకుండానే, అని తనే అనుకుని గ్లాసు తెచ్చి ముందు పెట్టేది.

ఇవాళ గ్లాసు పెట్టి వెళ్లిపోలేదు. కింద కూర్చుంది.

"ఏదీ, కాలు ఇటివ్వండి."

ఒళ్లో పెట్టుకుని అరికాలు తిప్పి చూసింది. వేలి మొదట్లో పుండు. అంచులు తెల్లగా, నానిన కాగితంలా ఉన్నాయి. మధ్యలో గుంట. నిన్నటికంటే పెద్దదైంది.

"నొప్పా?"

"లేదు."

"ఇక్కడో?"

"లేదు."

"గోరుతో నొక్కుతున్నాను. తెలుస్తోందా?"

అతను కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి కనిపించేది కింద షెడ్డు రేకులే. రేకుల మీద తుప్పు, ఎవరో విసిరేసిన పాత టైరు.

"షుగరు డాక్టరు ఏమన్నాడు? నొప్పి తెలియట్లేదంటే తగ్గినట్టు కాదమ్మా, కాలు చచ్చిపోతున్నట్టు అన్నాడు. పదండి, ఇప్పుడే పోదాం."

"సాయంత్రం."

"మీ సాయంత్రాలు నేను చూడనివా."

"వాడికి చెప్పకు," అన్నాడు మెత్తనయ్య.

వాడంటే ఆమె తమ్ముడు. కింద షెడ్డు వాడిది. పైన వీళ్లుండే రెండు గదులూ వాడివే.

ఆమె పుండు కడిగి, గుడ్డ కట్టి, మేజోడు తొడిగింది. బూటు మాత్రం తనే వేసుకున్నాడు.

మెట్లు దిగితే షెడ్డు. షెడ్డు దాటితే గేటు. గేటు దాకా వెళ్లే పని అతనికి పెద్దగా పడేది కాదు. అతని పని షెడ్డు వెనక రోలర్ల గదిలో. నేలలో రెండు ఇనుప రోలర్లు, సగం పైకి తేలి ఉంటాయి. వాటి మీద బండి చక్రాలు ఎక్కించి, నాలుగు వైపులా పట్టీలతో నేలకి బిగించి కట్టేస్తారు. ముందు మనిషెత్తు ఫ్యాను. పొగగొట్టానికి తొడిగిన లావుపాటి గొట్టం గోడ కన్నంలోంచి బయటికి పోతుంది. పక్క గోడకి మందపాటి అద్దం, అద్దం అవతల స్క్రీన్ ముందు బావమరిది. మెత్తనయ్య బండిలో కూర్చుని తొక్కుతాడు. చక్రాలు విమానంలా మోగుతాయి. బండి అంగుళం కదలదు. పాతికేళ్లుగా అతను నడిపిన దూరం ఎంతో ఎవరూ లెక్కెయ్యలేదు. ఎంత నడిపినా ఎదురుగా అదే గోడ. గోడ మీద చెమ్మ మచ్చ ఒకటి, ఏటేటా కాస్త పెద్దదవుతూ.

టర్బో బండ్లను సరిచేసే షెడ్డు అది. ఇంజనులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, అది కంప్రెషన్. టర్బో బయటి నుంచి ఇంకా గాలి కుక్కుతుంది, అది బూస్ట్. రెండూ నాదంటే నాది పైచేయి అన్నాయంటే లోపలి పెట్రోలు వేళ కాకముందే భగ్గుమంటుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చిన్న చప్పుడు వస్తుంది. నాకింగ్ అంటారు. దాన్ని పట్టించుకోకుండా తొక్కుతూ పోతే పిస్టన్ పెచ్చులు ఊడుతుంది.

రోలర్ల హోరులో ఆ చప్పుడు చెవికి చేరదు. మెత్తనయ్యకి అది పెడల్లోంచి, పల్చటి రబ్బరులోంచి, అరికాలి మీద చీమ పాకినట్టు తెలిసేది. తెలియగానే కాలెత్తేవాడు. బావమరిది స్క్రీన్ మీద అంకె చూసుకుని, అక్కడికి కాస్త ఇవతలే బూస్టు ఆపి బిగించేవాడు. అతను తొక్కితే బూస్టు మీటరు ముల్లు వెంట్రుకవాసి కూడా వణికేది కాదు. మెత్తనయ్య అన్న పేరు అలా వచ్చింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద కూడా లేదు. బిల్లు బావమరిది పేరు మీద వస్తుంది.

ఆ చీమ పాకడం మానేసి ఏడాది దాటింది.

మొదట బూటుదే తప్పనుకున్నాడు. రబ్బరు గట్టిపడిందేమోనని గీశాడు. తెలియలేదు. ఇంకాస్త గీశాడు. కొత్త జత కొని, దాన్నీ గీశాడు. ఎంత పల్చన చేసినా చీమ రాలేదు. ఇక ముల్లు చూసి, ఇలాంటి ఇంజనుకి ఇంత అని మనసులో అనుకుని, ఆ అంకె దగ్గర కాలెత్తడం మొదలుపెట్టాడు. ఒక్క ఇంజనూ పోలేదు. అదే అతనికి అంతుపట్టని సంగతి. పైగా ఈ మధ్య ఆపమనే బావమరిది పిడికిలి తన కాలికంటే ముందే లేస్తోంది. వాడికీ చెయ్యి తిరిగిందిలే అనుకున్నాడు.

ఇవాళ రోలర్ల మీద ఉన్న బండి పళ్ల డాక్టరుది. డాక్టరు అప్పటికే వచ్చి బావమరిది ప్రాణం తీస్తున్నాడు.

"పిస్టన్లు మార్పించుకున్నాను కదా మేస్త్రీ, కంప్రెషన్ ఎక్కువవి. ఇప్పుడు బూస్టు కూడా పెంచెయ్యండి."

"రెండూ పెరగవండి. ఒకటి తగ్గితేనే ఇంకోటి పెరుగుతుంది."

"అదేంటి, మొగుడూ పెళ్లాల్లాగా?"

"మీ ఇంట్లో సంగతి నాకు తెలీదు గానీ ఇంజనులో అంతే. అందుకే హెడ్డు కింద లావు గాస్కెట్ వేశాం. లోపల కాస్త చోటు దొరికింది. ఆ చోటు ఎంతో, బూస్టూ అంతే."

"ఎంతో ఎవరు చెప్తారు?"

"మా బావ."

డాక్టరు మెత్తనయ్య బూట్ల వైపు చూసి నవ్వాడు. "ఈయనేనా? కుడికాలికి అంత పేరట కదా. మరి ఎడమది ఏం చేస్తుంది?"

"క్లచ్ చూసుకుంటుంది," అన్నాడు మెత్తనయ్య. షెడ్డులో అతను ఆ పూట నోరు విప్పడం అదే మొదలు.

మొదటిసారి తొక్కాడు. ముల్లు పది దాటింది. చక్రాల హోరు డొక్కల్లోకి వచ్చింది. పన్నెండు దగ్గర కాలెత్తేశాడు. అద్దం అవతల బావమరిది ఇంకా ఉందన్నట్టు అరచెయ్యి పైకి ఊపాడు. వాడికెలా తెలుసు, ఇంకా ఉందని?

ఒకసారి తొక్కాక పట్టీలు వదులవుతాయి. దిగి బిగించాలి. దిగుతుంటే కుడికాలు నేల మీద ఆనిందో లేదో కళ్లతో చూసుకుని దిగాడు. పట్టీ కొక్కెం చేతిలోంచి జారి బండి అడుక్కి దొర్లింది. ఎవర్నీ పిలవలేదు. టార్చి తీసుకుని వెల్లకిలా పడుకుని లోపలికి చెయ్యి చాపాడు.

కొక్కెం పక్కనే సన్నటి నల్ల వైరు ఉంది.

టార్చి వెలుగుని దాని వెంటే నడిపించాడు. ఒక కొస పైకి పోయి, ఇంజను పక్కకి బోల్టుతో బిగించిన వేలి కొసంత బిళ్లలో కలిసింది. రెండో కొస నేల గాడిలోంచి గోడ కన్నంలోకి, సరిగ్గా అద్దం కిందికి పోయింది. ఇంజను చప్పుడు వినే బిళ్ల అది. పెద్ద షెడ్లలో ఉంటాయని విన్నాడు. గోడ కన్నం చుట్టూ సున్నం ఎండి నెర్రెలు విచ్చింది. వైరు మీద నూనె, నూనె మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ నూనె. నిన్న మొన్నటి వైరు కాదది.

కొక్కెం తగిలించి, పట్టీ బిగించి, వచ్చి కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

బావమరిది మొదలెట్టమని వేలు చూపించాడు. తొక్కాడు. పది. పన్నెండు. అలవాటుగా ముల్లు వైపు చూడబోయి మానుకున్నాడు. తల తిప్పి అద్దం వైపే చూశాడు. పద్నాలుగో, ఎంతో. బావమరిది చెవికి ఏదో ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు. చిన్నప్పుడు తను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టిస్తే కూడా ఇలాగే కళ్లు మూసుకునేవాడు. ఉన్నట్టుండి వాడి కళ్లు తెరుచుకున్నాయి. పిడికిలి లేచింది.

మెత్తనయ్య కాలెత్తలేదు.

పిడికిలి అద్దం మీద పడింది. మళ్లీ పడింది. బావమరిది నోరు "బావా, బావా" అంటోంది గానీ వినపడటం లేదు. అరికాలి కింద మాత్రం ఏమీ లేదు. చీమ లేదు, పెడల్ లేదు, కాలూ లేదు.

బావమరిది అవతలి నుంచి మీట నొక్కేశాడు. ఇంజను ఆగింది. రోలర్లు చాలాసేపు వాటంతటవే తిరిగి నెమ్మదించాయి.

వాడు వచ్చి బండి తలుపు తీశాడు. వెనకే డాక్టరు. "ఏమైందండీ? పోయిందా?"

"ఏం పోలేదు. మీరు అవతల కూర్చోండి," అని బావమరిది డాక్టరుని పంపేశాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు మెత్తనయ్య.

వాడు వైరు వైపు చూశాడు. తర్వాత బూటు వైపు.

"నీకెన్నాళ్ల నుంచి బావా? ముందు అది చెప్పు."

మెత్తనయ్య ఎదురుగా గోడ మీది చెమ్మ మచ్చ వైపు చూశాడు.

"ఒకసారి నువ్వు ఎత్తాల్సిన చోట ఎత్తలేదు. అప్పుడు తెచ్చాను ఆ బిళ్ల," అన్నాడు బావమరిది చివరికి. "దిగు అని నీతో ఎట్లా అనను? నువ్వు దిగితే అక్క ఒక్కపూట కూడా పైన ఉండదు. ఊరికే కూర్చుని తింటున్నామంటుంది. అక్క సంగతి నాకు తెలీదా?"

"నేనూ అందుకే దిగలేదు."

"అయితే ఏడాదిగా ఇద్దరం..." అని వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వాడి చూపు పెడల్ దగ్గర ఆగిపోయింది. కింద రబ్బరు చాప తడిగా, ఎర్రగా ఉంది.

మెత్తనయ్య కూడా అప్పుడే చూశాడు. వంగి లేసు విప్పాడు. కాలు బయటికి వచ్చింది, బూటు పెడల్ని పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"అక్కా!" అని బావమరిది మెట్ల కింద నిలబడి అరిచాడు. అప్పటికే ఆమె సంచీ పట్టుకుని సగం మెట్లు దిగింది. సాయంత్రం కోసం పొద్దున్నే సర్ది పెట్టుకున్న సంచీ.

గేటు బయట ఆటో ఎక్కించారు. ఎడమకాలికి బూటు, కుడికాలికి తువ్వాలు. ఆటో కదిలింది. మెత్తనయ్య రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. పక్కన కొట్లు, మనుషులు, కరెంటు స్తంభాలు వెనక్కి పోతున్నాయి.

"ఏంటట్లా చూస్తున్నారు?" అంది భార్య.

"కదులుతోంది," అన్నాడు.

ఆసుపత్రిలో చూసేసరికే పుండులోని విషం మోకాలు దాటింది. కాలు తీసినా ఆగలేదు, అక్కడే పోయాడు. ఆ మెట్లు అతను మళ్లీ ఎక్కలేదు.

పళ్ల డాక్టరు బండికి పదమూడు దగ్గర బూస్టు బిగించి పంపేశారు. తర్వాతి బండికి బావమరిదే ఎక్కి కూర్చున్నాడు. తన బూట్లు బరువు. తొక్కితే ముల్లు ఎగిరెగిరి పడింది. దిగి, అద్దం గట్టు మీద పెట్టిన కుడికాలి బూటు తీసి వేసుకోబోయాడు. వేళ్ల దగ్గరే ఆగిపోయింది. తీసి మళ్లీ గట్టు మీదే, అడుగు తన వైపు ఉండేలా నిలబెట్టాడు. అవతలి గదిలో ట్యూబులైటు వేస్తే, బొటనవేలి వెనక గీసిన చోట రబ్బరు తేనెరంగులో వెలిగింది. అందులో పెడల్ గీతలు వరసగా, అచ్చు పడ్డట్టు ఉన్నాయి.