ఎత్తు గదిలో మేదిని

సోమవారం నుంచి హైమ ఇంట్లో నేల ఆమె కొడుకు కౌశిక్ చదువుకునే బల్ల వైపు వాలుతోంది. ఆ బల్ల దగ్గర వాడు కూర్చునేది తక్కువే. వాణ్ని కూర్చోబెట్టడానికి అమ్మా నాన్నా రోజూ చేరేది మాత్రం అక్కడే. రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటు అది. ముందు నిమ్మకాయలు దొర్లుకుంటూ వస్తాయి, తర్వాత నీళ్ల బిందె, బుధవారానికి ఫ్రిజ్. హైమ భర్త సూర్యం దాన్ని బట్టలారేసే తాడుతో కిటికీ ఊచలకు కట్టి, అందులోంచే మజ్జిగ తీసుకుని తాగి, ఆఫీసుకు వెళ్లిపోతాడు.

కౌశిక్‌కి ఎనిమిదేళ్లు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడని నాయనమ్మ అంటుంది. ఏడీహెచ్‌డీ అని డాక్టరు అంటాడు. అల్లరి కాదమ్మా, పెంపకంలో లోపం అంతకన్నా కాదు, వాడి మెదడు తీరే అంత అని ఆయన చెప్పిన రోజు హైమ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అందులో సగం ఊరటే. ఒక్క ఎక్కం చెప్పించడానికి గంటన్నర పడుతుంది, రెండో చెప్పు వెతకడానికి అరగంట. వాడంటే ప్రాణమే. ఓపికే సాయంత్రం నాలుగింటికల్లా అయిపోతుంది.

పన్నెండేళ్ల కూతురు మేదిని ఇంటికి అటు చివర, ఎత్తున ఉన్న గదిలో కూర్చుంటుంది. అక్కడ కూర్చోబెట్టింది హైమే. "నువ్వు కదలవు కదా తల్లీ, అటుపక్క నువ్వుంటే ఇల్లు నిలబడుతుంది" అని చెప్పింది. మేదిని తలూపింది. మా పెద్దది బంగారం, చెప్పకుండానే అర్థం చేసుకుంటుందని చుట్టాలందరి దగ్గరా మురిసిపోయే తల్లికి ఇంతకన్నా మంచి ఉపాయం ఎలా తడుతుంది!

గురువారం తాపీ మేస్త్రీ సత్తిరాజు వచ్చి నేల మీద రసమట్టం పెడతాడు. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. మేస్త్రీ మాత్రం మెల్లగా బల్ల వైపు జారిపోతుంటాడు.

"నేల బానే ఉందండమ్మా," అంటాడు జారుతూనే. "ఇంట్లో చూపులన్నీ ఒక పక్కే పడతన్నాయండి. చూపుకి శానా బరువుంటాదండి."

"అటుపక్క పెద్దపిల్లని కూర్చోబెట్టాం కదండీ?"

"ఆ పిల్లకి బరువెక్కడిదండి? ఎవరన్నా చూత్తే కదండీ!"

టీ తాగి, గోడ పట్టుకుని జాగ్రత్తగా వెళ్లిపోతాడు.

శుక్రవారానికి నడవా నిచ్చెనలా నిటారుగా లేస్తుంది. హైమ సగం దాకా ఎక్కుతుంది. కింద ఏదో పగులుతుంది, తిరిగి చూస్తుంది, జారిపోతుంది. ఇలా నాలుగుసార్లు. కౌశిక్‌కి మాత్రం వాలన్న సంగతే పట్టదు. రోజుకు నలభైసార్లు పైకి పరిగెత్తి కిందకు దిగుతాడు.

"అక్కని అన్నానికి రమ్మనరా."

తుర్రున వెళ్లి తిరిగొస్తాడు. "అమ్మా! పైన ఫ్యాను దగ్గర మబ్బు పట్టింది. పావురం తడిసిపోయింది."

"అక్క ఏమంది?"

"అక్కా?" వాడు నిజంగానే ఆలోచిస్తాడు. "ఉంది."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేదిని ఆఖరిసారి ఏం అడిగింది? ఎంత తవ్వుకున్నా హైమకు గుర్తు రాదు. రేపు ఎక్కకపోతే ఆ పిల్ల ఇక ఎప్పటికీ అందదని భయం పట్టుకుంటుంది.

శనివారం సూర్యానికి సెలవు.

"ఏవండీ, వాడి దగ్గరుండండి. ఏం పగిలినా నన్ను పిలవకండి."

"పెద్దది సర్దుకుపోతుందిలే హైమా."

"సర్దుకుపోతుందనేనండీ నా భయం."

నేల పలకల సందుల్లో వేళ్లు దూర్చి ఎక్కుతుంది. కింద కుక్కరు పడుతుంది. కౌశిక్ నవ్వుతాడు, తర్వాత ఏడుస్తాడు. మెడ దానంతటదే తిరగబోతే హైమ గడ్డాన్ని పలకకి అదిమిపెట్టి పైకే చూస్తుంది. ఇంత కష్టమైన పని ఆమె జన్మలో చేయలేదు.

పైన మేదిని కూర్చుని లేదు. గోడకు రెండు కాళ్లూ తన్నిపట్టి, గడపను రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉంది. గోళ్లు అరిగిపోయాయి.

"ఏంటే ఇది?"

"వదిలితే మీరంతా పడిపోతారమ్మా."

"ఎప్పట్నించి పట్టుకున్నావే?"

"తమ్ముడు పుట్టినప్పట్నించి."

"నేల వాలింది సోమవారం కదే?"

"మీకు తెలిసింది సోమవారం."

హైమ గడప మీద చతికిలబడుతుంది. "వదిలెయ్ తల్లీ."

"మరి ఇల్లు?"

"పడితే పడనీ."

మేదిని ఒక్కో వేలూ విప్పుతుంది. ఇల్లు పడదు. హైమ చూస్తుండగానే ఆ పిల్లే చిన్నదవుతుంది. పదేళ్లు, ఏడేళ్లు, చివరికి నాలుగేళ్ల పిల్లయి తల్లి ఒళ్లో కూర్చుని గుక్కపట్టి ఏడుస్తుంది. బియ్యం బస్తా అంత బరువుంది. హైమకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, సంతోషంగానూ ఉంటుంది.

కౌశిక్ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగుతాడు. వాడు ఇంతసేపు ఆగడం హైమ ఎన్నడూ చూడలేదు.

"ఎవరమ్మా?"

"అక్క."

"చిన్నగా ఉందేంటి?"

"నువ్వు పుట్టినప్పుడూ చిన్నదే నాన్నా. నేనే చూసుకోలేదు."

వాడు ఒప్పుకున్నట్టు తలూపి, వంగి, అక్కను చంకనెత్తుకుంటాడు. ఊరుకోబెట్టడానికి అటూ ఇటూ తిప్పుతాడు. గదిలో చోటు చాలక గోడ మీదకి నడుస్తాడు, గోడ మీంచి సీలింగ్ మీదకి. తలకిందులుగా, ఏ మాత్రం తొందర లేకుండా.

ఏడుపు ఆగుతుంది. సీలింగ్ నడిమధ్య నుంచి, జడలు వేలాడేసుకుని, "అమ్మా, నన్ను చూడు!" అని అరుస్తుంది మేదిని.

హైమ రెప్ప వేయకుండా చూస్తుంది. సీలింగ్ తడిసిన పందిరి గుడ్డలా మెల్లగా కిందకు సాగుతుంది, పిల్ల జడ కొసలు తల్లి నుదుటికి తగిలేదాకా. ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది.