రెండో వైపు, మూడో పాట

పొద్దున్నే పెద్దమ్మ కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని పక్కింటాయన ప్యాంటు నడుము వదులు చేస్తూ ఉంటే, ఆమె చెల్లెలి కొడుకు అదే గదిలో ఇంకో మూల బాసింపట్టు వేసుకుని, టేపు రికార్డరు ముందు పళ్ళు నూరుతూ ఉన్నాడు. ఆ ఇంట్లో ఇది రోజూ ఉండేదే. అతనికి కోపం రావడానికి పేపరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాల ధర దగ్గర మొదలుపెడితే పరాయి దేశాల యుద్ధాల దాకా ఏదో ఒకటి దొరుకుతుంది. దారి అడిగినా నినాదమే చెప్తాడని వీధంతా అతన్ని కరపత్రం అని పిలుస్తుంది. దానికి మాత్రం అతనికి కోపం రాదు.

ఎనిమిది పేజీల వారపత్రికలో పాటల మీద సమీక్షలు రాయడం అతని పని. పాటల గురించి తక్కువా, పాటల్ని అమ్ముకునేవాళ్ళ గురించి ఎక్కువా రాస్తాడని ఎడిటరు గొణుగుతాడు. గొణుగుతూనే అచ్చు వేస్తాడు.

ఈ వారం సమీక్ష ఒక దొంగ టేపు మీద. ఆవిడ అంటే చాలు, ఏ ఆవిడ అని ఊళ్ళో ఎవరూ అడగరు. ఆవిడ పాట వినకుండా పెళ్ళి చేసుకున్నవాళ్ళూ లేరు, ఏడవకుండా విన్నవాళ్ళూ లేరు. ముసలితనంలో ఆ మధ్య పెద్ద హాల్లో పాడింది. టికెట్టు కొనాలంటే మామూలు మనిషి నెల జీతం పెట్టాలి. రికార్డు చేస్తే జైలని గోడల మీద రాసిపెట్టారు. లైట్లు చూసుకునే ఎలక్ట్రీషియను ఆ గోడల కిందే నడిచి వెళ్ళి, అన్నం డబ్బాలో రికార్డరు పెట్టుకుని కచేరీ అంతా పట్టుకొచ్చాడు. పాటేమన్నా కచేరీ పెట్టినవాళ్ళ తాత సంపాదించిన పొలమా అని అతని వాదన. కరపత్రం ఆ మాట విని అతన్ని వాటేసుకున్నంత పని చేశాడు. టేపుకి కాపీలూ, కాపీలకి కాపీలూ వచ్చి ఇల్లిల్లూ తిరిగాయి.

మొదటి వైపు బాగానే నడుస్తుంది. గొంతు అక్కడక్కడా గీరుకుంటుంది గానీ ప్రాణం ఉంటుంది. చిక్కంతా రెండో వైపు మూడో పాటలో. పల్లవి ఎత్తుకుని మొదటి పంక్తి పాడి ఆవిడ ఆగిపోతుంది. వయొలిన్లు అందుకోబోతే చెయ్యెత్తి వాటినీ ఆపేసిందని ఎలక్ట్రీషియను చెప్పాడు. ఇక టేపు ముందుకు పోదు. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, టేపు మాత్రం అయిపోదు. హాల్లో ఫ్యాను చప్పుడు, ఎవరిదో దగ్గు, ఆవిడ ఊపిరి. ఏ ఇంట్లో ఏ కాపీ పెట్టినా అంతే. ముందుకు తిప్పే మీట నొక్కితే ఫ్యాను కాస్త జోరుగా తిరిగినట్టు వినిపిస్తుంది తప్ప పాట రాదు.

జనానికి ఇదేమంత విశేషంగా తోచలేదు. పెద్దావిడ, మరిచిపోయింది, అందిస్తే సరిపోతుంది అనుకున్నారు. టేపు రికార్డరుకి నోరు దగ్గరగా పెట్టి, పాత గ్రామఫోను ప్లేటులో విన్న తరవాతి పంక్తి అందించారు. ఆవిడ ఓపిగ్గా వినేది. "అది కాదు నాయనా" అనేది. ఆడవాళ్ళు అందిస్తే "అది కాదమ్మా" అనేది. సెలూన్లో ఒకాయన సగం గీసిన గడ్డంతో లేచి వెళ్ళి అందించినా అదే జవాబు. మా ఇంట్లోనూ ఒప్పుకోలేదండీ అని జనం కరెంటు పోయిన సంగతిలా చెప్పుకున్నారు.

టేపు బయట ఆవిడ సంగతి కూడా అలాగే ఉంది. ఆ సాయంత్రం తెర దించాక ఇంటికి తీసుకెళ్ళారు. అప్పటినుంచి నోరు విప్పలేదట. మతి పోయింది, ఇక కచేరీల్లేవు అని నిర్వాహకులు చేతులు దులుపుకున్నారు.

కరపత్రానికి జాలి కలగలేదు. అతని కోపం పాతది. పాలు తాగిన ఇంట్లోంచి వచ్చింది.

ఒకప్పుడు పెద్దమ్మా ఆవిడా ఒకే నూలు మిల్లులో మొదటి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు. తెల్లవారకముందే బయలుదేరాలి. దారిలో దీపాల్లేవు. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే అది తోటి పిల్లదో, తాగి వచ్చేవాడో తెలిసేది కాదు. అందుకని ఆడవాళ్ళు పాటతో పలకరించుకునేవాళ్ళు. ముందున్నవాళ్ళు ఒక పంక్తి పాడితే వెనకున్నవాళ్ళు వంత అందుకోవాలి. వంత వస్తే ధైర్యం, రాకపోతే పరుగు. పరుగెత్తీ పరుగెత్తీ విసిగి, దీపాల కోసం సమ్మె చేశారు. ఆ సమ్మెలో లారీ ఎక్కి ఆ పాట పాడింది వీళ్ళిద్దరే. అది విని రికార్డు కంపెనీవాడు వచ్చాడు. గుంపు గోల ఎందుకు, ఒక గొంతు చాలన్నాడు. వంత తీసేసి ఆ ఖాళీలో వయొలిన్లు పోశాడు. చీకట్లో ఆడపిల్లల భయం కాస్తా ప్లేటులో విరహగీతమైంది. ఆవిడ ఏమీ అనలేదు. పెద్దమ్మ ఇంటికొచ్చి కుట్టుపని నేర్చుకుంది. ఆ తరవాత ఆమె కూనిరాగం తీయగా కూడా ఎవరూ వినలేదు. రేడియోలో ఆ గొంతు వస్తే లేచి వంటగదిలోకి వెళ్ళిపోయేది.

ఈ టేపు పెట్టినప్పుడు మాత్రం వెళ్ళలేదు. పాట ఆగిన చోట ఆమె చెయ్యి మిషను చక్రం మీద ఆగింది. ఆవిడ దేనికోసం చూస్తోందో నీకు తెలుసా అని కరపత్రం అడిగాడు.

"తెలుసు."

"అందిస్తావా?"

"నాకేం పట్టింది," అని పెద్దమ్మ దారం కొరికింది.

అతనికి కొండంత సంతోషమైంది. అందించొద్దు, అసలు అందించొద్దు, చరిత్ర కోర్టు ఇన్నాళ్ళకి తెరుచుకుంది, అక్కడే నిలబడనీ అని గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం దంచాడు. దోచుకున్న గొంతులన్నిటికీ ఈ నిశ్శబ్దమే సాక్ష్యం అన్నాడు. పెద్దమ్మ వింటూ ప్యాంటు తిరగేసింది.

"నా గొంతు ఎవడూ దోచుకోలేదురా. నా దగ్గరే ఉంది. వాడట్లేదంతే."

అతను వినిపించుకోలేదు. వేడి తగ్గకముందే కూర్చుని సమీక్ష రాసేశాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, రాసింది పెద్దమ్మకి వినిపించాలని నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు. లారీ మీంచి పుట్టిన గొంతు తివాచీ మీద ఎలా పడుకుందో చదివాడు. వెనక నిలబడ్డవాళ్ళని తుడిచేసి ముందుకెళ్ళినవాళ్ళకి ముందు దారి ఉండదని చదివాడు. చివరి వాక్యం అతనికి బాగా నచ్చింది, నెమ్మదిగా చదివాడు: "ఆమె మరిచిపోయింది పాటను కాదు, మనుషులను. గుర్తుకొచ్చేదాకా ఆమె అక్కడే నిలబడాలి. ఎవరూ అందించకండి."

మెప్పుకోసం పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ అతన్ని చూడటం లేదు, మూల ఉన్న టేపు రికార్డరుని చూస్తోంది. పొద్దుటినుంచి అది నడుస్తూనే ఉంది. ఆపే మీట నొక్కడం మరిచిపోయాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. ఆవిడ గొంతు వినిపించింది.

"నిజమే నాయనా. నిలబడతాను."

కరపత్రం చేతిలో కాగితం వెనక్కి దాచుకున్నాడు. అతను కంపెనీలనీ ప్రభుత్వాలనీ తిట్టినవాడే గానీ, తిట్టించుకున్న మనిషి ఎదురుగా ఉండి అవునని ఒప్పుకోవడం ఎన్నడూ ఎరగడు.

పెద్దమ్మ ఒళ్ళోని ప్యాంటు తీసి మిషను మీద పడేసింది.

"నా కోపం నేను పడతాను. నిన్నెవరు మొయ్యమన్నారు?" అంది. "ముసలిదాన్ని పట్టుకుని ఆ మాటలేంట్రా? కాళ్ళ నొప్పులు దానికి. వయసులోనే అరగంట నిలబడలేకపోయేది."

మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వెళ్ళి టేపు రికార్డరు ముందు కూలబడింది. పెదవులు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. టేపులో ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"ఏమే," అంది పెద్దమ్మ చివరికి. "పాడు మొదటినుంచి."

టేపులో పాత పంక్తి వచ్చింది, సన్నగా, భయంభయంగా, దీపాల్లేని దారిలో వచ్చినట్టు.

*చీకటి దారిలో నా వెనక ఎవరే?*

ఆ పంక్తి పూర్తికాకముందే పెద్దమ్మ అందుకుంది.

*నేనే, నీ వెనక నేనే.*

గొంతు తుప్పు పట్టింది. మొదటి మాట సగం గాలే. రెండోసారికి కుదురుకుంది, మూడోసారికి కిటికీ అద్దం అదిరింది. టేపు కదిలింది. ఆవిడ ముందు, పెద్దమ్మ వెనక, ఇద్దరూ పాటంతా నడిచారు. ఆ సమయానికి సెలూన్లోనూ, పై వాటాలోనూ, వీధి చివర టీ దుకాణంలోనూ తిరుగుతున్న టేపులన్నీ కదిలాయి. అన్నిట్లోనూ పెద్దమ్మ వంత వినిపించింది. అదుగో, ఒప్పుకుంది అని ఎవరో కింద వీధిలో అన్నారు. గడ్డం ఆయన ఈసారి పూర్తిగా గీయించుకుని వెళ్ళాడు.

కరపత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి పోయాడు. ఆ సాయంత్రం ఎడిటరు దగ్గర కూర్చుని ఇంకో సమీక్ష రాశాడు. అందులో కంపెనీ మీద తిట్లు ఒక్కటి కూడా తగ్గలేదు, రెండు పెరిగాయి కూడా. గాయకుల పేర్లు రాసేచోట పెద్దమ్మ పేరు ముందు, ఆవిడ పేరు తరవాత వేశాడు. ఇది తలకిందులుగా ఉందేంట్రా అని ఎడిటరు అడిగాడు. ఇన్నాళ్ళూ తలకిందులుగా ఉంది, ఇప్పుడే నిలబెట్టాను అన్నాడు. ఎడిటరు గొణుగుతూ అచ్చుకి పంపాడు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు రిక్షా ఆగింది. ఆవిడ కోడలి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి రొప్పుతూ పైకొచ్చింది. కరపత్రం ఇన్నాళ్ళూ ఊహించుకున్న మహారాణి కాదు, చెప్పులు తారుమారుగా వేసుకున్న ముసలమ్మ. కోడలు అతన్ని గుమ్మం దగ్గరే ఆపి మెల్లిగా చెప్పింది. రోజూ మంచం పక్కన ఆ టేపు పెట్టేదట. నిన్న మధ్యాహ్నం ఆ వంత వినగానే అత్తగారు లేచి కూర్చుందట. రాత్రంతా తలుపు వైపే చూస్తూ, తెల్లారగానే తనే చెప్పులు తొడుక్కుందట. మాట మాత్రం ఇంకా రాలేదు.

ఆవిడ గది మధ్యలో నిలబడింది. పెద్దమ్మ మిషను ముందునుంచి లేవలేదు. తలెత్తలేదు. సూది నడుస్తూనే ఉంది.

"ముందే అందుకున్నావు," అంది ఆవిడ.

కోడలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వే సాగదీశావు," అంది పెద్దమ్మ. "అప్పుడూ అంతే."

మిషను ఆగింది. ఆవిడ మాటలు కూడదీసుకుంది. చాన్నాళ్ళు మూతపడ్డ నోరు కదా, ఒక్కో మాటా వెతికి తెచ్చుకుంది.

"ఒక గొంతు చాలని వాడు అన్నప్పుడు నేను నోరు తెరవాల్సింది. వస్తే ఇద్దరం వస్తాం, లేకపోతే లేదు అనాల్సింది. అనలేదే."

గుమ్మంలో కరపత్రం దగ్గర దీనికి జవాబులు బస్తాడు ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు. పెద్దమ్మ దారం ముడి వేసింది. కత్తిరించింది. కుట్టు గట్టిగా ఉందో లేదో రెండు చేతులతో లాగి చూసుకుంది.

"అనలేదు," అంది.

ఆవిడ తలూపింది. కాళ్ళ నొప్పులకి ఆగలేక, పక్కనున్న కుర్చీ మీద చెయ్యి వేసింది.

"దాని మీద గుండుసూదులున్నాయి," అంది పెద్దమ్మ, తను కూర్చున్న బల్ల మీద ఒక పక్కకి జరుగుతూ. "ఇటు రా. ఇక్కడ కూర్చో."